జతగా విడిచిన చెప్పులు

పోయిన శనివారం మా పెద్దమ్మను మట్టి చేసి వచ్చిన తర్వాత ఆమె ఇంటికి తాళం వేయడానికి నేనే వెళ్ళాను. గడప ఇవతల ఆమె రబ్బరు చెప్పులున్నాయి. జతగా, మడమలు గోడకు ఆనించి, వేళ్ళు వీధి వైపుకు. నిద్రలోనే పోయింది ఆమె. పొద్దున లేవగానే కాళ్ళు దూర్చుకుని పోవడానికి వీలుగా పెట్టుకుని పడుకుంది. ఆ చెప్పుల్ని చూసి నేను గడప మీదే కూలబడ్డాను. పక్కింటివాళ్ళు వచ్చి, "ఊరుకో సార్, నిండు వయసు గదా, ఏం తక్కువైంది ఆయమ్మకు" అని ఓదార్చారు. తక్కువైందేమిటో నాకు తెలుసు. దాన్ని తక్కువ చేసింది నేనే.

మాది ఎర్రగుంట్లకు దగ్గర్లో నాపరాళ్ళ ఊరు. మా చర్చి సంఘంలోని మగవాళ్ళు సగంమంది గనుల్లో బండలు తీసేవాళ్ళు, తక్కినవాళ్ళు పాలిష్ ఫ్యాక్టరీల్లో వాటిని కోసేవాళ్ళు. ఆ పొడి వెంట్రుకల్లో, కనురెప్పల మీద, అన్నం ముద్దలో ఉండేది. నలభై దాటకముందే దగ్గు పట్టుకునేది. అందుకే మా సమాధుల తోటలో ముసలివాళ్ళకంటే నడివయసువాళ్ళే ఎక్కువ. నేను బడిపంతులుగా పనిచేస్తూనే సంఘ పెద్దగా ఉన్నాను. సమాధుల పండుగ నాడు మాకొక ఆచారం ఉంది. బడి కూడా నడిపిన వెనకటి పాస్టరు అయ్యగారు పెట్టిపోయింది అది. చనిపోయినవాళ్ళ పేర్లను సంఘ పెద్ద హాజరు పిలిచినట్లు ఒక్కొక్కటే పిలవాలి. ఆ ఇంటివాళ్ళు కొవ్వొత్తి పైకెత్తి, "ప్రభువు దగ్గరుండాడయ్యా" అని పలకాలి. ఇంట్లో ఎవరూ మిగలకపోతే పిలిచినవాడే పలకాలి. ఏడుపుల మధ్య నవ్వులూ ఉండేవి. ఒక అవ్వ, తన మొగుడి పేరు పిలవగానే, "ఉండాడు లేయ్యా, ఆడ గూడా యాడో నీడ సూసుకోని పండుకోనింటాడు" అంది. అయ్యగారు ప్రార్థన మరిచి నవ్వారు. గోడ తగాదాతో ఇరవై ఏళ్ళు మాట్లాడుకోని అన్నదమ్ములిద్దరు పక్కపక్కనే పడుకున్నారు అక్కడ. వాళ్ళ భార్యలు మాత్రం ఒకరిని మించి ఒకరు గట్టిగా పలికేవాళ్ళు, పైలోకంలో కూడా గోడ మనదే అన్నట్లు.

పెద్దమ్మకు ఒక్కడే కొడుకు, నాకు తమ్ముడు. కోత యంత్రం దగ్గర పని. పెళ్ళి కుదిరేలోపే దగ్గు కుదిరింది వాడికి. ఒక సాయంత్రం పని దిగిన తర్వాత, నీళ్ళు నిండిన పాత గని గుంతలో శవమై తేలాడు. పొడి కడుక్కోవడానికి అందరూ ఆ గుంతలో దిగేవాళ్ళే. కానీ వాళ్ళ చెప్పులు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పడి ఉండేవి. వాడి చెప్పులు మాత్రం గట్టు మీద జతగా ఉన్నాయి, పక్కనే మడిచిన చొక్కా. అంతకు వారం ముందు నాతో, "ఊపిరి ఆడ్తాలేదన్నా, ఎన్నాళ్ళు ఇట్ల" అన్నాడు. నేను రెండూ కలిపి చూసుకున్నాను. పోదలుచుకున్నవాడే ఇంత నిదానంగా చెప్పులు విడుస్తాడు అనుకున్నాను. ప్రాణం తీసుకున్నవాడి పేరు హాజరులో పిలవకూడదని మా సంఘంలో పాత కట్టుబాటు. పెద్దల కూటంలో, "మీ తమ్ముడే కదా, మీరే చెప్పండి" అన్నారు. చెప్పాను. సొంతవాడని చూడకుండా దేవుని ఇంటిని కాపాడానని ఆ రాత్రి మోకాళ్ళ మీద కృతజ్ఞత కూడా చెల్లించాను.

అప్పటినుంచి పద్నాలుగేళ్ళు, ప్రతి పండుగకూ పెద్దమ్మ ముందుగానే వచ్చి నన్ను పట్టుకునేది.

"ఏమప్పా, ఈ యేడన్నా పిలుస్తావా మావోన్ని?"

"కట్టుబాటు పెద్దమ్మా. నా చేతిలో ఏముంది?"

"నోట్లో ఉండాది గదా. ఒక్కతూరి పిలువు. పలికేదానికి నేనింకా బతికే ఉండా."

ఒక ఏడు మాత్రం గట్టిగానే అడిగింది. "సెప్పులు జతగా ఇడ్సినాడని సచ్చేకి పోయినాడంటావా? నేను నేర్పిచ్చిన అలవాటప్పా అది. చర్చి మెట్లకాడ సూడలేదా నువ్వు, ఇన్నేండ్లు?" తల్లి మనసు అట్లాగే అంటుందిలే అనుకున్నాను. వాక్యం చదివినవాణ్ణి, ఆమె చదవనిది. ఆమె మాత్రం అందరి పేర్లూ అయ్యేదాకా ఆ మూలన, పేరు లేని బండ పక్కన, కొవ్వొత్తి పట్టుకుని నిలబడేది. మైనం వేళ్ళ మీదికి కారుతున్నా దించేది కాదు. మర్నాడు మా ఇంటికి కజ్జికాయలు తెచ్చేది. "పంతులు నోరు తీపైతే పేరు బయటికొస్తాదేమో సూద్దామని" అని నవ్వేది. నేను తినేవాణ్ణి.

ఆమె గడప మీద కూర్చున్నప్పుడు మా చర్చి మెట్లు గుర్తొచ్చాయి. ఆదివారం ఆ మెట్ల కింద వందల చెప్పుల గుట్ట. దానికి కాస్త ఎడంగా, గోడకు ఆనించి, ఆమెది ఒక పెద్ద జత, వాడిది ఒక చిన్న జత. ఏళ్ళ తరబడి వాటిని దాటుకునే లోపలికి వెళ్ళి వాక్యం చదివాను. వాడు దూకాడో, కాలు జారాడో నాకు తెలియదు. తెలియదు అన్న ఆ ఒక్క మాటే ఆనాడు నేను కూటంలో చెప్పాల్సింది. ఆ సాయంత్రమే ఇప్పటి అయ్యగారి దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన హాజరు పేర్ల పుస్తకం నా ముందుకు జరిపి, "తీర్పు మనది కాదు కదా సార్. రాయండి" అన్నారు. తమ్ముడి పేరు రాసి, దాని కింద పెద్దమ్మ పేరు రాశాను.

నిన్న సమాధుల పండుగ. వరసలో వాడి పేరు వచ్చింది. పిలిచాను. తోటంతా ఆ మూల వైపు తిరిగింది. అక్కడ పాత బండ, దాని పక్కన ఇంకా తడి ఆరని మట్టి. ఎవరూ పలకలేదు. ఇంట్లో ఎవరూ మిగలకపోతే పిలిచినవాడే పలకాలి. నాకు ఊపిరి ఆడలేదు. వాడు చెప్పిన ఊపిరాడకపోవడం ఇట్లాగే ఉండేదేమో. చివరికి, "ప్రభువు దగ్గరుండాడయ్యా" అన్నాను. ఆ వెంటనే ఆమె పేరు పిలిచి, దానికీ నేనే పలికాను.

దేవునికి కాలం లెక్క కాదని ఎన్నో కూటాల్లో బోధించాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ మనుషులకు అది లెక్కే. ఒక పేరు పిలవడానికి పట్టేది ఒక్క ఊపిరి. దాని కోసం ఒక తల్లిని పద్నాలుగేళ్ళు నిలబెట్టి, ఆమె మట్టిలో పడుకున్న వారానికి పిలిచాను.