మా మావగారు అడిగిన రెండో మాట

"మీ మావగారు పోనారమ్మా" అని మా పాలేరు నేను పాఠాలు చెప్పే గజపతినగరం బడికొచ్చి చెప్పినప్పుడు, "ఏ ఊరు?" అని అడిగాను. ఆయన ఎప్పుడూ ఏదో ఒక ఊరు పోతూనే ఉండేవారు మరి. పాలేరు తల వంచుకున్నాక గాని నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

అరవై ఏడు ఎన్నికల ముందు ఆయన పార్టీ టిక్కెట్టు అడిగారు. పోటీలో ముగ్గురు. రైసుమిల్లు యజమాని ముందున్నాడు, అతని వెనకే ఒక ప్లీడరు. వరి, గోగు పండించుకునే మా మావగారు ఇద్దరికీ బాగా వెనకబడిన మూడోవారు.

అలాంటి మనిషి తన వాళ్ల ఇళ్లకు వెళ్లడం మానేసి, ఆ ఇద్దరి వైపు మనుషుల అరుగుల మీదే కూర్చునేవారు. పంట సంగతి, పిల్లల సంగతి అడిగి, లేచేటప్పుడు అనేవారట: "మీ మాట మీవోడికే ఇయ్యండి. ఆడికి రాదని తేలితే నన్ను తలుసుకోండి."

మావాళ్లకు ఒళ్లు మండింది. మా ఆయనైతే తండ్రితో మాట్లాడటమే మానేశారు. ఇదేం పద్ధతని అన్నం వడ్డిస్తూ నేనే అడిగాను.

"మనోలు ఎక్కడికెల్తారమ్మా? ఓడిపోయినోడి మనుసులే ఎటెల్లాలో తెలీక నిలబడతారు. అప్పుడు ఆలకి మన గుమ్మం కనపడాల" అన్నారు, మజ్జిగ కోసం చెయ్యి చాపుతూ.

టిక్కెట్టు ఎవరికో తేల్చడానికి చీపురుపల్లిలో పార్టీ సభ్యులంతా కూడిన రోజు అచ్చం అలాగే జరిగింది. మిల్లు వాళ్లు ప్లీడరుకు ఒప్పుకోలేదు, ప్లీడరు వాళ్లు మిల్లు యజమానికి ఒప్పుకోలేదు. చివరికి రెండు పక్షాలూ మా మావగారి పేరే చెప్పాయి. ఆయన లేచి, తనకొద్దని, టిక్కెట్టు ప్లీడరుకే ఇమ్మని చెప్పి ఇంటికొచ్చేశారు.

ఎందుకలా చేశారని అడిగాను.

"నేను కావాలని ఒక్కడూ నా పేరు సెప్పలేదమ్మా. అవతలోడికి రాకూడదని సెప్పారు." కండువా తీసి దండెం మీద వేస్తూ, "నేనడిగిందీ అదే కదా" అని గొణిగారు.

ఎన్నికల్లో ప్లీడరు గెలిచాడు. మిల్లు యజమాని అతనితో మాటలు మానేశాడు. మా మావగారు మాత్రం ఇద్దరిళ్లకూ వెళ్తూనే ఉన్నారు. చేతికొచ్చిన టిక్కెట్టు వదులుకోవడం పెద్ద మనసో, చివరి నిమిషంలో పుట్టిన బెదురో నాకు తేలలేదు. ఇంట్లో అందరూ కాదన్నా నన్ను బడి ఉద్యోగానికి పంపిందీ ఆయనే. దానికీ కారణం చెప్పలేదు.

దహనం ముగిశాక ఆ ఇద్దరూ వచ్చి మా అరుగు మీద చెరో చివర కూర్చున్నారు. "ఆయన మా మనిసే తల్లీ, పైకి సెప్పలేదంతే" అన్నాడు మిల్లు యజమాని. కాసేపటికి ప్లీడరు గారూ నన్ను పిలిచి అదే మాట అన్నారు. మంచినీళ్ల చెంబు పట్టుకుని, ముందు ఎవరికివ్వాలో తెలియక, అరుగు మధ్యలో అలాగే నిలబడిపోయాను.