చేపల తొట్టె దగ్గర చెప్పులు

చెరువుల మీద బతికినవాళ్ళకి నీళ్ళంటే భయం ఉండదు, మోటారు ఆగితేనే భయం. మా మామగారు గణపవరం దగ్గర చాలాకాలం చేపల చెరువులు చేసి, ఓపిక తగ్గాక వాటిని కౌలుకిచ్చి, ఏలూరులో మా ఇంటికి వచ్చేశారు. రెండు వేల దశకం మొదట్లో ఒక వేసవిలో, పొద్దు గడవక, హాల్లోకి గాజు తొట్టె ఒకటి తెప్పించుకున్నారు. బొచ్చెలూ శీలావతులూ పెంచిన మనిషి బెత్తెడు గోల్డ్ ఫిష్‌ల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

నీళ్ళు శుభ్రం చేసే చిన్న మోటారు ఒకటి తొట్టెలోనే మునిగి ఉండేది. దాని వైరు మూత అంచు కింద పడి నలిగింది. మామగారు తనే నల్ల టేపు చుట్టి మళ్ళీ నీళ్ళల్లోకి దింపేశారు. గట్టు మీద ఎన్ని మోటార్లకి చుట్టలేదు, ఇదో లెక్కా అన్నారు. పైగా ఎవరూ కట్టెయ్యకుండా స్విచ్చి మీద కూడా టేపు అంటించారు. గాలి అందక తెల్లారేసరికి చెరువంతా చేపలు తేలిపోవడం కళ్ళారా చూసినవారు, ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ తొట్టె గాజు తోమేది ఆయన కాదు, మా అత్తగారు.

నీళ్ళల్లో చెయ్యి పెడితే జివ్వుమంటోందని ఆవిడ ఒకరోజు చెప్పారు. మామగారు లేచి వచ్చి, మోచేతి దాకా చెయ్యి ముంచి, మా అందరికీ చూపించి తీశారు. ఆయనకేమీ కాలేదు. ఆవిడకి నరాల బలహీనత అయి ఉంటుంది, డాక్టరుకి చూపించమని నాతో అన్నారు. తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేసే మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి అదే మాట పట్టుకుని, మర్నాడు బలం మందు సీసా తెచ్చిపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తండ్రీకొడుకులకి వైరు మీద లేని అనుమానం ఆవిడ నరాల మీద ఉంది.

అత్తగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ అప్పటినుంచి కరెంటు కోత వేళ చూసుకుని తొట్టె తోమడం మొదలుపెట్టారు. మా వీధికి మధ్యాహ్నం పూట కోత. ఫ్యాను ఆగగానే కొంగు దోపుకుని తొట్టె దగ్గరికి వెళ్ళేవారు. స్విచ్చి కట్టేస్తే ఆయన మాట కాదన్నట్టవుతుంది, కరెంటే పోతే ఎవరినీ అనడానికి లేదు. ఇది కనిపెట్టి, ఎవరినైనా పిలిచి వైరు చూపిద్దామన్నాను.

"ఎందుకమ్మా, ఆయన చిన్నబుచ్చుకుంటారు. ఇలా గడిచిపోతోందిగా" అన్నారావిడ.

నాకు మాత్రం భయం పోలేదు. కోత మొదలైందంటే నా కళ్ళు ఫ్యాను మీదే ఉండేవి.

ఒకరోజు కోత వేళ హాలు నేనే తడిగుడ్డ పెట్టి తుడిచాను, నేల ఇంకా ఆరలేదు. మామగారు గదిలో పడుకున్నారు. నేను గుమ్మం దగ్గర చేటలో బియ్యం ఏరుతున్నాను. కోత అయిపోవడానికి ఇంకా చాలా టైముంది. అత్తగారు నాచు తుడుద్దామని నీళ్ళల్లో మోటారుని పట్టుకున్నారు. అంతలో పైన ఫ్యాను రెక్క కదిలింది.

చెయ్యి తీసెయ్యమని అరిచాను. ఆవిడ నావైపు తల తిప్పారు గానీ మోటారుని పట్టుకున్న వేళ్ళు విడిపోలేదు. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. భుజం దాకా వణుకుతోంది. లాగుదామని రెండడుగులు వేసి ఆగిపోయాను, నావీ తడి కాళ్ళే. స్విచ్చి ఆవిడ వెనకాల, టేపు కింద ఉంది. వరండాలోకి పరిగెత్తి మెయిన్ దించేశాను. తిరిగొచ్చేసరికి ఆవిడ నేల మీద కూలబడి ఉన్నారు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి తగిలేదాకా నా ప్రాణం నాలో లేదు.

నా అరుపుకి మామగారు టపటపా చెప్పుల చప్పుడుతో బయటికొచ్చారు. అప్పుడు చూశాను ఆయన కాళ్ళకేసి. మడమ నొప్పికని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి ఆయన ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు తొడుక్కునే తిరిగేవారు. మిగతా అందరం చెప్పులు గుమ్మం బయట విడిచేవాళ్ళమే. ఆయన ఆ రోజు మాకు చెయ్యి ముంచి చూపించింది రబ్బరు మీద నిలబడి.

"మీకు షాకు కొట్టకపోవడం ఆ చెప్పుల వల్లండీ. అత్తయ్యగారి నరాలకేం కాలేదు" అన్నాను. ఆయనతో అంత కటువుగా అంతకు ముందెప్పుడూ మాట్లాడలేదు. ఆయన తలొంచుకుని కాళ్ళు చూసుకున్నారు.

వేళ్ళ మీద బొబ్బలు తప్ప ఆవిడకి ప్రమాదం లేదని ఆసుపత్రిలో చెప్పారు. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. అతుకుల వైరున్న మోటారు తీసేసి కొత్తది పెట్టాడు. వైరు వెంట జారే నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా కిందనే రాలిపోయేలా, వైరుని ప్లగ్గు కంటే కిందికి వంచి వేలాడదీశాడు. కరెంటు కాస్త లీకైనా దానంతటదే ఆపేసే బ్రేకరు బిగించాడు. పెరట్లో, లీకైన కరెంటుని భూమిలోకి దింపే ఎర్తు గుంట ఎండిపోయి ఉంటే, అందులో బొగ్గూ ఉప్పూ వేసి, వేసవిలో నీళ్ళు పోస్తూ ఉండమన్నాడు. చెయ్యి పెట్టే ముందు మాత్రం ప్లగ్గు పీకి తీరాలన్నాడు. స్విచ్చి మీది టేపుని మామగారే గోటితో గీకి తీశారు.

అంతా అయ్యాక మోటారు వేసి, నీళ్ళకి టెస్టరు ఆనించాడు. వెలగలేదు. అయినా అత్తగారు వంటింటి గుమ్మం దాటి ఇవతలికి రాలేదు.

మామగారు లేచారు. వీధి గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు బయట విడిచారు. కుంటుకుంటూ వచ్చి, చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నారు. ప్లగ్గు పీకమని ఇప్పుడే కదండీ చెప్పాను అంటూ ఎలక్ట్రీషియన్ అడ్డుపడబోతే, పక్కకి జరగమన్నారు.  చెయ్యి ముంచి, చాలాసేపు అలాగే ఉంచారు.

"ఏం లేదు. ఇంక నువ్వు పెట్టొచ్చు" అన్నారు.

అత్తగారు ఆ తడి కాళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు.

"ఆ చెప్పులు మొదటి రోజే విడిచుంటే బాగుండేదండీ" అని మెల్లగా అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తొట్టె గాజు ఆవిడ మళ్ళీ తోమలేదు.