కుంపటి మీద పింగాణీ

వేంపల్లె బజారులో బల్బులు, వైర్లు అమ్మే నాగసుబ్బయ్యకు ఇంట్లో మాత్రం కొత్త దీపం కంటికి ఆనేది కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కడపలో పాత బంగళా ఏదైనా పడగొడుతున్నారని తెలిస్తే చాలు, అంగడికి తాళం వేసి బస్సెక్కేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన పది పదిహేనేళ్లలో తయారైన సామానంటే ఆయనకు ప్రాణం. సన్నకాళ్లతో కొంగలా నిలబడే ఇత్తడి దీపం, కలువమొగ్గల్లాంటి పాలగాజు డూములు తెచ్చి, మసి తుడిచి, తన చేత్తో కొత్త వైరు ఎక్కించి వెలిగించుకునేవాడు.

ఒకసారి గోనెసంచిలో గడ్డి చుట్టి రెండు పింగాణీ పళ్లేలు తెచ్చాడు. తెల్లటి పళ్లెం, నీలం ఆకులు, సన్నటి బంగారు అంచు. ఆరింటిలో మిగిలినవి ఆ రెండే.

“రాజ్యం, ఈ పొద్దు ఈ దీపం కింద కూర్చోని ఇద్దరం వీట్లో తిందాం రా” అన్నాడు.

భార్య రాజ్యలక్ష్మమ్మ వంటింటి గడప దగ్గరే అడ్డం నిలబడింది. “ఎవురి ఎంగిలో ఏమో! ఇత్తడైతే చింతపండుతో తోమి నిప్పు చూపిస్తే మైల పోతాది. పింగాణీ అంటే మట్టే గదండీ, దానికెట్ల పోతాది? నా వంటింట్లోకి రానీను.”

అత్త నేర్పిన మడి అది. అత్త పోయినా మడి పోలేదు. ఏ పండగ వచ్చినా ఆయన అడిగేవాడు, ఆమె స్టీలు తట్టలో అన్నం వడ్డించి ముందర పెట్టేది. పనికొచ్చే మద్దమ్మ ఊరుకునేదా? “ఏం శెట్టీ, అలమరలో పళ్లేలు చూస్తే కడుపు నిండుతాదా? తట్టలో తిను, లేకుంటే ఎండిపోతావు” అనేది.

పదహారేళ్లు అట్లాగే గడిచాయి.

రెండువేల నాలుగులో ఆయన గొంతులో పుండు లేచింది. కర్నూలులో పెద్ద డాక్టరు చూసి ఆపరేషన్ చేయాలన్నాడు. ముందురోజు ఆసుపత్రి మంచం మీద ఆయన మళ్లీ అదే అడిగాడు. మాట అప్పటికే గరగరమంటోంది.

“ఇంటికి పోయినాక... ఒక్కపూట... ఆ పళ్లేల్లో, ఇద్దరం.”

ఈసారి కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. “సరేలెండి. ముందు మీరు లేచి తిరగండి.”

ఇంటికి వచ్చేసరికి మాట పోయింది. ముక్కులోంచి గొట్టం. పాలైనా రాగి జావ అయినా గొట్టంలోనే. నెలలో తీసేస్తామన్న మాట పట్టుకుని ఆమె ఎదురుచూసింది. మూడో నెలలో తీసుకుపోతే, పుండు లోపలికి పాకింది, ఇంక చేసేదేమీ లేదన్నారు.

మరునాడు ఆమె తలస్నానం చేసి అలమర తెరిచింది. పళ్లేలు కడిగి పసుపునీళ్లు చల్లింది. అయినా మనసు ఒప్పలేదు. ఇత్తడికి చేసినట్టే నిప్పు చూపిద్దామని కుంపటి రాజేసి ఒక పళ్లెం బోర్లించింది. బాగా కాగాక తీసి తడి గచ్చు మీద పెట్టిందో లేదో, ఠప్పుమంది. రెండు చెక్కలు.

“అయ్యో అమ్మా! ఆయప్పకు తెలిస్తే...” అంది మద్దమ్మ.

“అరవాకే!”

కానీ వంటింటికి ఎదురుగానే ఆయన మంచం. అంతా చూశాడు. ఆమె రెండు చెక్కలూ కొంగులో పట్టుకుని ఎదుట నిలబడింది. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది. నవ్వు! చప్పుడు లేని నవ్వు, ముక్కుకున్న గొట్టం ఊగిపోతోంది.

“నవ్వుతాండారా? పదహారేండ్లు దాచింది పగలగొడితిని గదండీ!”

ఆయన మిగిలిన పళ్లెం చూపించి, ఆమె నోటివైపు వేలు చూపించాడు.

“నేనా? మీరు తినకుండా నాకెట్ల దిగుతాది?”

మళ్లీ అదే వేలు.

ఆమె కొంగలాంటి ఇత్తడి దీపాన్ని మంచం పక్కకు లాగి, పట్టపగలే స్విచ్చి వేసింది. అన్నం, వంకాయ కూర వడ్డించుకుని ఆయన కళ్లెదుట కూర్చుంది. మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నీళ్లు తాగి దింపుకుంది. ఆమె నములుతుంటే ఆయన పెదవులూ ఊరికే కదులుతున్నాయి.

“కారం సరిపోయిందండీ. ఉప్పే రవ్వంత తక్కువుండాది.”

ఆయన తలూపాడు. ఒక్కో ముద్దా ఎట్లా ఉందో ఆమె చెబుతూ తింది. పళ్లెం ఖాళీ అయ్యింది. ఆయన గిన్నె వైపు వేలు చూపించాడు.

“ఇంకానా? శానా అయిందండీ...”

వేలు దించలేదు. ఆమె ఇంకో గరిటె వడ్డించుకుంది.