నిద్రలేపే లాలి

మా తాత చెరుకు తోటల పనికి ఫిజీ వచ్చినప్పటినుంచీ మా ఇంట్లో లాలి అంటే పిల్లల్ని నిద్రపుచ్చే పాటే. కడావు దీవిలో ఈ ఊరికి పంతులమ్మగా వచ్చిన మొదటి బుధవారం, తెల్లవారుజామున నాలుగున్నరకు, ఇక్కడి లాలి ఏమిటో నాకు తెలిసొచ్చింది. మనిషంత పొడవున్న దుంగను తొలిచి చర్చి ముందు పెడతారు, రెండు కర్రలతో బాదుతారు. నా గది చర్చి పక్కనే. మంచం మీంచి కిందపడినంత పనైంది.

ఆ బాదేవాడు సేతరేకి. తండ్రి నుంచి వచ్చిన పని. నలభై ఏళ్ళుగా వాననక తుఫాననక బుధవారం ప్రార్థనకు ఊరిని పిలుస్తున్నాడు. ఊరు రాదు. మంగళవారం సాయంత్రం చాపల మీద చేరి యంగోనా మొక్క వేళ్ళు దంచి తీసిన మత్తు రసం చిప్పలకు చిప్పలు తాగే మగాళ్ళు తెల్లారకముందే ఎక్కడ లేస్తారు? ఆడవాళ్ళు కొన్నేళ్ళు వచ్చారు, తర్వాత వాళ్ళూ మానేశారు. చివరిదాకా తోడొచ్చిన ఆయన భార్య, లోసలిని, పోయాక ఆయనొక్కడే మిగిలాడు.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి కిటికీలోంచి అడిగేశాను.

"ఎవరొస్తారని బాబాయ్, ఆ దుంగని అలా చావగొడతావు?"

"పిలవడం నా పని టీచరమ్మా. రావడం వాళ్ళ పని."

"కాస్త నెమ్మదిగా పిలవచ్చుగా?"

"ఇంత గట్టిగా పిలుస్తుంటేనే పక్కింట్లో ఉన్నదానివి నువ్వు రావట్లేదు!"

కిటికీ ధడాలున వేసుకున్నాను.

దుంగ కన్నా ఎక్కువ వేధించింది ఆయన పాట. ఇక్కడ కీర్తన ఒక్క గొంతుతో సాగదు. ఆడవాళ్ళది ఒక వరుస, మగవాళ్ళది ఒక వరుస, ఒకరు వదిలినచోట ఇంకొకరు అందుకోవాలి. సేతరేకి ఖాళీ చర్చిలో నిలబడి మగవాళ్ళ వరుస మాత్రమే పాడేవాడు. ఆడవాళ్ళ వంతు రాగానే ఆపేసి, ఆ వరుస పట్టేంతసేపూ ఊరుకుని, మళ్ళీ తనది అందుకునేవాడు. ఇరవై రెండేళ్ళు విన్నాను. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా దిండు చెవులకు నొక్కుకుని తిట్టుకునేదాన్ని. ఆదివారాలు నేనూ ఆ చర్చికే వెళ్తాను. ఆ వరుస నాకు కంఠతా వచ్చు. అసలు చిరాకంతా అదే.

కిందటేడు ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. అమ్మయ్య అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. రెండు నెలలు తిరిగాక ఒక బుధవారం దుంగ మళ్ళీ మోగింది, ఒంటిచేత్తో. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకో దెబ్బ.

మా ఊళ్ళో లాలి అలా ఆగి ఆగి మోగితే చావు కబురు.

ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చింది. ఆడవాళ్ళు చావింటికి ఇచ్చే చాపలు చంకన పెట్టుకుని, ఏడుపు కూడా మొదలుపెట్టేశారు. చర్చిలో నిలబడ్డానికి చోటు లేదు.

"ఎవరు పోయారు?" అని రొప్పుతూ అడిగాడు చర్చి పెద్ద కితియోనే. సేతరేకికి వరసకు బావ.

"ఎవరూ పోలేదు. ఇవాళ బుధవారం. ఎలాగూ వచ్చారుగా, కూర్చోండి."

"ఓరి నీ దుంపతెగ! నువ్వే పోయావనుకుని వచ్చాను బావా. నా గుండె ఆగినంత పనైంది." నలుగురూ నవ్వారు. కితియోనే నవ్వలేదు. "కర్రలిలా ఇవ్వు. ఎవరూ రాని ప్రార్థన ఇవాళ్టితో ఆఖరు."

"చావు కబురైతే పరుగెత్తుకొస్తారు కదర్రా," అన్నాడు ముసలాయన. కితియోనే కర్రలు లాక్కున్నాడు.

ఒక్కరూ కూర్చోలేదు. ఐదు నిమిషాల్లో చర్చి ఖాళీ అయింది. నేనూ కూర్చోలేదు. ఆ ఊరి మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు, ఆ ఊళ్ళో నేనూ ఉన్నానని తెలిసి మరీ మండింది.

తర్వాతి బుధవారం దుంగ మోగలేదు. హాయిగా పడుకోవలసినదాన్ని. నాలుగున్నరకల్లా కళ్ళు తెరుచుకున్నాయి, పాడు అలవాటు. బయట కాళ్ళీడ్చుకుంటూ ఎవరో వస్తున్న చప్పుడు. చర్చి తలుపు కిర్రుమంది. కర్రలు లాక్కున్నా మనిషి వచ్చాడు! పాట మొదలైంది. జబ్బు చేసిన నోరు, మాటలు ముద్దముద్దగా ఉన్నాయి. తన వరుస అయింది. ఆగాడు.

దిండు కోసం చెయ్యి చాచాను కానీ, ఈసారి భరించడం నావల్ల కాలేదు. "ఈ ముసలాడితో చచ్చే చావొచ్చింది" అని పైకే తిట్టి, దుప్పటి కప్పుకుని అలాగే వెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డాను. ఆయన మళ్ళీ ఆగగానే ఆడవాళ్ళ వరుస అందుకున్నాను.

సేతరేకి వెనక్కి తిరగలేదు. నా వంతు పూర్తయ్యేదాకా తల వంచుకుని విన్నాడు. తర్వాత కుడిచేత్తో బల్ల మీద ఒక్క దెబ్బ వేశాడు.

"ఆలస్యంగా అందుకున్నావు," అన్నాడు. "మళ్ళీ మొదటినుంచి."