అత్తయ్య ఉత్తరాల సేద్యం

మొన్న ఒక పార్సిలు రిజిస్టరు చేయించడానికి నరసరావుపేట పోస్టాఫీసుకు వెళ్ళాను. కిటికీ అవతల గుమాస్తా లక్క కరిగిస్తున్నాడు. కాస్త తీపి, కాస్త కమురు కలిసిన ఆ వాసన తగలగానే గుంటూరులో మా మేనత్త గది గుర్తొచ్చింది. ప్రతి శనివారం ఆమె కూడా కవరు మీద లక్క ముద్ర వేయించేది. కవరు వెళ్ళేది రొంపిచెర్ల దగ్గర పల్లెలో ఆమె పొలం చూసే మస్తానుకు. అతనికి చదువు రాదని, బడిపంతులు చదివి వినిపిస్తాడని ఆమెకు తెలుసు. ఆ ఇద్దరి చెవులూ దాటి మాట బయటికి పోకూడదనే లక్క.

ఆమె పేరు సుందరమ్మ. భర్త గుంటూరు కోర్టులో ప్లీడరుగా ఉంటూనే చనిపోయారు. పల్లెలో అరవై ఎకరాల మెట్ట మిగిలింది. ఊళ్ళో ఉన్న మరుదులు దాన్ని తామే చూసుకుంటామన్నారు. "వాళ్ళు చూడటం మొదలుపెడితే నేను చూడటానికి ఏమీ మిగలదు" అని అత్తయ్య ఒప్పుకోలేదు. ఊరికి వెళ్తే వాళ్ళింట్లోనే దిగాలి, దిగితే వాళ్ళ మాట వినాలి. అందుకని వెళ్ళడమే మానేసి ఉత్తరాల మీద సేద్యం చేయించేది. యుద్ధం రోజుల్లో నేను ట్రైనింగు స్కూల్లో చేరి ఆమె ఇంట్లో ఉన్నాను. అప్పటికే ఆమె కళ్ళకు పొరలు కమ్మాయి. ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని.

రాయడం నాకు నేర్పింది ఆమే. స్కూల్లో నేర్చిన పెద్ద మాటలన్నీ ఆ బల్ల దగ్గర రాలిపోయాయి. "వాన బాగా పడిందా అని అడక్కు. బాగా అంటే ఎవరికి బాగా? నాగలి ఎంత లోతు దిగిందో అడుగు" అనేది. ఏ చేనులో ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ ఎద్దు ఏ కాలు ఈడుస్తుందో ఆమెకు కళ్ళకు కట్టినట్టుండేది. గుంటూరులో మబ్బు పడితే అక్కడ కురిసే ఉంటుందని లెక్కవేసి విత్తడానికి గొర్రు కట్టమని రాయించేది. ఒకసారి జవాబు ఇలా వచ్చింది: "తమరు సెలవిచ్చిన మేఘము ఇంకను ఇచ్చటకు వేంచేయలేదు." మాట మస్తానుది, అలంకారం పంతులుగారిది. అత్తయ్య చాలాసేపు నవ్వింది. నవ్వి, "వేంచేయలేదేందే? వానకి గూడా మర్యాదలా? రాలేదు అంటే చాలదూ?" అంది. ఇప్పటికీ నేనొక వాక్యం రాసి అందులో ఎక్కువైన మాటను కొట్టేసేటప్పుడు, కొట్టేసేది ఆమే అనిపిస్తుంది.

ఆ ఏడు ఎండాకాలంలో మొదలైన మేత కరువు కలుపుల రోజులదాకా తీరలేదు. మన జొన్నచొప్ప వామి సగానికి దిగిపోయిందని, ఇంకొంచెం చొప్ప కొనాలని మస్తాను రాయించాడు. ఎందుకు దిగిందో ఆ ఉత్తరంలో లేదు. శనివారం అత్తయ్య కూర్చుని చెప్పింది. ముందు కలుపుకు ఎంతమంది కావాలో, ఏ చేను తర్వాత ఏ చేనో ఎప్పటిలాగే చెప్పింది. తర్వాత గొంతు మారింది. "వామి సగానికి దిగిందంటే మేసింది ఎద్దులు కాదు. నీ చేతివాటం నాకు తెలియదనుకోకు. ఇంటి మనిషివని నమ్మితే ఇంటికే కన్నం పెట్టావు." నేను రాశాను. ఆ వాక్యాల్లో కొట్టేయడానికి ఎక్కువైన మాట ఒక్కటీ లేదు. బాగా కుదిరాయని కూడా అనుకున్నాను.

ఉత్తరం పోస్టు చేశాక ఆమెకు మనసు నిలవలేదు. కళ్ళతో చూడకుండా మనిషిని అనకూడదని ఆమే అనేది. వామి చూసి, మరుదుల ఇంటి ఛాయలకు పోకుండా తిరిగి వచ్చేద్దామంది. ఎవరికీ కబురు పెట్టకుండా రైలెక్కి నరసరావుపేటలో దిగాం. అక్కడి నుంచి బండి. ఉత్తరం మాకంటే నిదానంగా ప్రయాణం చేసిందని ఊరి మొదట్లో ఉన్న బడి దగ్గరికి వచ్చేదాకా మాకు తెలియదు.

బడి వసారాలో పంతులుగారు నిలబడి చదువుతున్నారు. ఎదురుగా ఊళ్ళోని కూలివాళ్ళందరూ కూర్చున్నారు. ఆడవాళ్ళు చంకల్లో పిల్లలతో గోడవారన నిలబడ్డారు. ఆ వారం ఎవరికి పని ఉంటుందో, ఎవరికి ఉండదో తెలిసేది ఆ ఉత్తరంలోనే. అందుకే మొదటి నుంచీ అది నలుగురిలో చదవడం అలవాటైంది. మేం దూరాన గుంటూరులో కూర్చుని దాని మీద లక్క వేస్తున్నాం.

అందరి మధ్యా మస్తాను నిలబడి ఉన్నాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అమ్మగారి మాట వింటున్నాడు కాబట్టి, అమ్మగారు ఎదురుగా ఉన్నట్టే. నెరిసిన గడ్డం, వంగిన తల. పంతులుగారు తడబడకుండా "ఇంటికే కన్నం పెట్టావు" దాకా చదివారు. గోడవారన ఒకామె, "ఏంది మస్తాను మావా, ఈ వారం అక్షింతలు చానా పడ్డయ్యే" అంది. కొందరు నవ్వారు. ఇంకొకామె, "నువ్వుండవే, కలుపుకి ఎందర్ని రమ్మందో ఇంకోసారి చదవనీ" అని విసుక్కుంది. మస్తాను కూడా కొంచెం నవ్వాడు. ఆ నవ్వు నేను చూడకుండా ఉండవలసింది.

అత్తయ్యకు కళ్ళు సరిగా ఆనవు గాని చెవులు బాగా పనిచేస్తాయి. బండి దిగలేదు. నేరుగా వామి ఉన్న కళ్ళం దగ్గరికి పోనిమ్మంది. ఎవరు చెప్పారో, బండివాడు ఎద్దుల్ని నీళ్ళకు తోలుకుపోయాక మస్తాను అక్కడికి వచ్చాడు. ఏమీ అడగకుండానే వామి అడుగున చొప్ప లాగి ఆమె చేతికిచ్చాడు. నల్లగా కుళ్ళి, పట్టుకుంటే పొడి అయింది. అకాలపు వానకు అడుగు నాని చెదలు పట్టిందని, పాడైనదంతా దిబ్బలో వేయించానని చెప్పాడు. దిబ్బ కూడా చూపించాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్టా అందరిలో చదువుతున్నారు?" అంది అత్తయ్య.

"మొదట్నించీ అంతేనమ్మా."

"నాకెందుకు చెప్పలా?"

అతను తుండుగుడ్డ మడత పెట్టుకున్నాడు. "ఏమని రాయించేదమ్మా? అది గూడా పంతులుగారే రాయాలిగా. నేను చెప్పేది గూడా అందరూ ఇంటానే ఉంటారుగా."

అత్తయ్య చేతిలో ఆ నల్లటి పొడి అలాగే ఉంది. ఆమె పెదవులు కదిలాయి. తప్పయిందని ఇప్పుడంటుంది అనుకున్నాను. "బండి కట్టమను, రైలు తప్పిపోద్ది" అంది.

ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. శనివారం రాగానే నన్ను పిలిచింది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలంది. ఆ రోజు పొలం సంగతి ఒక్కటీ లేదు. దొంగ అన్నానని, వామి స్వయంగా చూశానని, తప్పు తనదేనని, తనను క్షమించమని చెప్పింది. ఇది అందరూ వినేలా చదవమని పంతులుగారికి మనవి కూడా రాయించింది. ఒక ఆస్తిపరురాలు తన పాలేరుకు అలా రాయడం నేనెక్కడా వినలేదు. ఆమె మీద గౌరవంతో ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్ది రాశాను.

పంతులుగారి జవాబులో మొదటిసారి అలంకారం లేదు. "మస్తాను సగంలో వెళ్ళిపోయాడు. మిగతాది ఎవరికి చదవాలో తెలియక ఆపేశాను" అని మాత్రం రాశారు.

ఆ ఏటి జీతం పూర్తయ్యాక మస్తాను గుంటూరు వచ్చాడు. గొడ్లచావిడి తాళంచెవులు అరుగు మీద పెట్టాడు. అత్తయ్య కూర్చోమంటే కూర్చోలేదు. మాచర్ల దగ్గర అల్లుడి చేను చూసుకోవడానికి పోతున్నానన్నాడు.

"నీకింకా కోపం పోలేదు" అంది అత్తయ్య. "అందరిలో తప్పు ఒప్పుకున్నా గదా మస్తానూ. ఇంకేం చెయ్యాల్సింది?"

"కోపమేం లేదమ్మా. మొదటి కాయితం ఇననోళ్ళు గూడా రెండో కాయితం ఇనటానికి వచ్చారు. మస్తాన్ని దొంగన్నారంట, ఎందుకన్నారంట అని అదే మాట. మా మనవడు వచ్చి నన్నడిగాడు." అతను గొంతు పెంచలేదు. "ఆ రోజు వామి కాడ మనం ముగ్గురమేగా ఉంది. అప్పుడొక్క మాట అంటే సరిపోయేదమ్మా."

అతను దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. ఆ ఏడే ఆమె పొలం కౌలుకిచ్చేసింది. శనివారాలు ఖాళీ అయ్యాయి. చూపు పూర్తిగా పోయాక కూడా అప్పుడప్పుడు, "మస్తానుకో ఉత్తరం రాద్దామే" అనేది. నేను కాగితం తీసుకుని కూర్చునేదాన్ని. "వద్దులే. అక్కడ ఎవరు చదువుతారో" అనేది. మాచర్ల వెళ్దామా అని నేనొకసారి అడిగాను. గోడవైపు తిరిగి పడుకుంది. నేను మళ్ళీ అడగలేదు. ఆమె పోయినప్పుడు అతనికి కబురు పెట్టాలనుకున్నాం గాని, ఎక్కడున్నాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ రోజు కళ్ళంలో నేనూ ఉన్నాను. ఆ మాటలు రాసిన చెయ్యి నాది. అతనన్న ముగ్గురిలో నేనొకదాన్ని.

తర్వాత నేను పంతులమ్మనై, చాలామందికి పై అధికారినయ్యాను. ఎవరినైనా నొప్పించానని తెలిస్తే ఉత్తరం రాయను. వెళ్తాను. బస్సెక్కి వెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడతాను. వాళ్ళు కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు, నేను వానల గురించి మాట్లాడతాను. అసలు మాట అనగలిగిన రోజులున్నాయి. అనలేక లేచి వచ్చేసిన రోజులు ఎక్కువ. ఇంటికి వచ్చాక చెయ్యి కాగితం మీదికి పోతుంది. అక్కడైతే నాకు మాటలు వెతుక్కోకుండానే వస్తాయి. అత్తయ్యకూ అలాగే వచ్చేవి.