ట్రాములో నేర్పిన పేరు

వానాకాలంలో మైదానం పక్కగా వెళ్తుంటే బస్సు కిటికీలోంచి తడిగడ్డి వాసన గుప్పుమంటుంది. వెంటనే నాకు సోమయాజులుగారు గుర్తొస్తారు. ఖిదిర్‌పూర్‌లో మా పక్కవీధిలో ఉండే బ్యాంకు గుమాస్తా ఆయన. రేవులో పనికొచ్చి, బెంగాలీ రాక తికమకపడే మా శ్రీకాకుళం వాళ్లను సెలవురోజుల్లో ఆసుపత్రులకు తీసుకెళ్లేవారు. పెళ్లికి ముందు మొదలుపెట్టిన ఆ పని పింఛను రోజుల్లోనూ మానలేదు. ఆదివారం ఊరంతా చేపలు తెచ్చుకుంటే ఈయన రోగుల్ని తెస్తారని వాళ్లావిడ దెప్పేది. ముక్కుమీద కోపం మనిషే, కానీ రోగి మీద విసుక్కోగా నేను చూడలేదు.

మా అమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. పొయ్యి దగ్గర తడుముకుంటూ చేతులు కాల్చుకునేది. నేనే సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను. నేను మందులకని బయటికి వెళ్లినప్పుడే ఆమెను పేరు పెట్టి పిలిచారట. అమ్మ కదల్లేదు. ఊహ తెలిసినప్పటినుంచీ అందరికీ ఆమె పండమ్మే, ఆసుపత్రి కాగితంలోని సూర్యకాంతం తానేనని ఆమెకు తట్టలేదు. ఆపరేషను వంతు తప్పిపోయింది. ఇక ఆ గడప తొక్కనని ఇంటికొచ్చి కూర్చుంది. చూపు పూర్తిగా పోతుందేమోనని నాకు ఒకటే దిగులు.

సంగతి విని సోమయాజులుగారు నవ్వలేదు. మనవాళ్లందరితో ఇదే తంటా అన్నారు. మళ్లీ వంతు సంపాదించి, అమ్మను ఒప్పించి ట్రామెక్కించారు. ఎక్కింది మొదలు అదే వరస. సూర్యకాంతంగారూ, కిటికీ వేయమంటారా? సూర్యకాంతంగారూ, కాస్త జరుగుతారా? దారిలో వానకు తడిసిన మైదానం పక్కన ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి ట్రాము ఆగితే ఆయన పాఠానికి ఇంకాస్త సమయం దొరికింది. అమ్మ సిగ్గుతో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“పండమ్మా అంటే పలకనేటి బాబూ?”

“నేను పిలిస్తే పలుకుతారు. అక్కడ పిలిచేది నేను కాదుగా, సూర్యకాంతంగారూ.”

ఆసుపత్రిలో సూర్యకాంతం అని కేక వినబడగానే అమ్మ భుజం తట్టబోయాను. ఆయన కళ్లతోనే వద్దన్నారు. అమ్మ తనంతట తానే లేచి, “నానే, నానే సూర్యకాంతాన్ని” అంటూ గొంతు వినిపించిన వైపు నడిచింది.

కట్టు విప్పాక చూపు తేరుకుంది. కొన్నాళ్లకు కొళాయి దగ్గర ఎవరో పండమ్మా అని పిలిస్తే బిందె దించి, “నాకూ ఓ పేరున్నాది” అంది. ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆయన పోయాక ఆ ఆదివారాలు నా పాలబడ్డాయి. వచ్చినవాళ్లను జబ్బేమిటని అడిగే ముందు అసలు పేరు అడుగుతాను, చివర ‘గారు’ చేర్చి పిలుస్తాను. మొదటిసారి అలా విన్నవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు, ఇంకెవరినో పిలిచాననుకుని.