వంక సంగతి రాయలేదు

విడపనకల్లు నుంచి అనంతపురం పోయే బస్సులో పక్కసీటామె నా ఫోన్‌లోకి తొంగి చూస్తుంటే, సంబరంగా ఆమె వైపు తిప్పాను. ఎన్నో ఏళ్లకు నిండి, మరువ మీంచి అలుగు పారుతున్న మా ఊరి చెరువు. మొన్న నేనే వీడియో తీసి, "గంగమ్మ వచ్చింది, అందరూ వచ్చి చూడండి" అని రాసి చుట్టుపక్కల ఊళ్ల గ్రూపులన్నిటికీ పంపాను.

ఒళ్లో క్యారియర్ పెట్టుకుని ఆమె వీడియో చివరిదాకా చూసింది.

"దీన్ని పంపింది నువ్వేనా?"

నేనేనన్నాను, కాస్త గర్వంగానే.

"మా తమ్ముడు ఇది చూసే టెంకాయ, పసుపు కుంకుమ తీసుకొని బండిమీద పోయినాడు. దావలో వంక ఈడ్చుకపోయింది. పెద్దాసుపత్రిలో ఉండాడు. ఇంగా కండ్లు తెర్సల్యా."

నాకు కోపమొచ్చింది. "చెరువు చూడమంటి గానీ, వంకలో దిగమంటినా?"

"నువ్వు యా దావన పోయినావప్పా?"

"వంక జోరుగా పారుతాంటే, గుట్ట చుట్టూ తిరిగి పోయినా."

"ఆ మాట రాసినావా?"

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆమె లేచి, పైకడ్డీ పట్టుకుని నిలబడింది. సీటు ఖాళీగా ఉంది కదా, కూర్చోమని కండక్టరు రెండుసార్లు చెప్పాడు.

"ఆయప్ప పక్కన కూర్చోను," అంది, అందరికీ వినబడేలా.

అనంతపురంలో దిగి, రాప్తాడు వైపు పోయే బస్సు కోసం స్టాండులో నిలబడి గ్రూపు తెరిచాను. "వంక దాటొద్దు, గుట్ట చుట్టూ తిరిగి రండి" అని రాశాను.

వెంటనే ఎవరో బదులిచ్చారు.

"వంకలో నీళ్లు యాడుండాయన్నా. నిన్ననే ఎండిపాయ."